ఏకగ్రీవంగా

విజయనగరం, కంటోన్మెంటు
10 సెప్టెంబరు 1967

అప్పకి,

ముందు సంతోషమైన సంగతి చెప్పేస్తాను. మా కాలేజీ పాలకవర్గంలో అధ్యాపకుల తరఫున కూర్చునే మనిషిగా నన్ను ఎన్నుకున్నారు. చరిత్ర పాఠాలు చెప్పుకునేవాడికి ఈ యోగం ఎలా పట్టిందని బావ అడుగుతాడు. అంతా నీ మరిది చినబాబు చలవే.

పాలకవర్గంలో ఒక అధ్యాపకుడు ఉండాలనీ, అతన్ని మేమే ఎన్నుకోవాలనీ యూనివర్సిటీ నిబంధన ఎప్పటినుంచో ఉంది. మా కరస్పాండెంటు ఎల్లాజీరావు గారు, అదే, గోగునార వ్యాపారం చేసే ఆయన, ఎన్నిక మాటే ఎత్తకుండా తనకి నచ్చినవాళ్లని కూర్చోబెట్టుకుంటూ వచ్చారు. ఎవరిని ఉద్యోగంలోకి తీసుకోవాలి, ఎవరిని తీసెయ్యాలి, ఏ శాఖకి ఎవరు పెద్ద, ఇవన్నీ ఆయన బంగళాలోనే తేలిపోతాయి. మాకు నోటీసు బోర్డు మీద తెలుస్తాయి. ఫిజిక్సులో అందరికంటే సీనియరైన పెద్దాయన్ని దాటించి తన మేనల్లుడికి శాఖ అప్పగించినప్పుడు కూడా మేమంతా స్టాఫ్ రూములో గొణుక్కుని ఊరుకున్నాం. చినబాబు ఊరుకోలేదు. అదే శాఖలో చిన్న డిమాన్‌స్ట్రేటరు, పైగా ఏడాదికేడాది పొడిగించే తాత్కాలికపు ఉద్యోగం. అయినా సొంత పేరు పెట్టి యూనివర్సిటీకి అర్జీ రాశాడు. అక్కడినుంచి గట్టిగా కాగితం వచ్చాకే ఈ ఎన్నిక జరిగింది.

తాత్కాలికపు ఉద్యోగి గనక తను నిలబడకూడదు. అందుకని నా పేరు చెప్పి, ఇంటింటికీ తిరిగి నాకు ఓట్లు వేయించాడు. ఫలితం తెలిశాక నా చెయ్యి పట్టుకుని, "మనోడు ఒకడు లోపలున్నాడు బావా. ఆళ్లేటి సేస్తన్నారో ఇకమీద మనకి తెలుస్తాది" అన్నాడు.

నిన్న మొదటి సమావేశానికి వెళ్లాను. ఎల్లాజీరావు గారు మర్యాదగా లేచి నిలబడి కుర్చీ చూపించారు. ఇక్కడ అనుకున్న మాట ఇక్కడే ఉండాలి, గడప దాటకూడదు అన్నారు. అందరూ ఒప్పుకున్నారు, నేనూ మాటిచ్చాను. బయటికొచ్చాక చినబాబు ఏమైందని అడిగితే చెప్పకూడదన్నాను. నవ్వేశాడు. నేను వేళాకోళం ఆడుతున్నాననుకున్నాడు.

నీ తమ్ముడు
నరసింగం

కళింగపట్నం
24 సెప్టెంబరు 1967

నరసింగానికి,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. ఆయన సంగతి నీకు తెలుసు, వెంటనే ఏమీ అనరు. మడికి నీళ్లు మళ్లించి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ అన్నారు. "ఆ మాట బయటికి సెప్పకూడదంటే మరి ఈడిని లోనికి పంపించినోళ్లు ఎవరిని అడగాల?" దానికి జవాబు నీకు తోస్తే రాయి.

నాకు మాత్రం సంతోషమే. నువ్వు నా తోడబుట్టినవాడివి, వాడు నేను పెంచినవాడు. నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చేసరికి వాడికి తల్లి లేదు, నా కొంగు పట్టుకునే పెరిగాడు. ఇద్దరూ ఒక్కచోట ఉన్నారని నాకు ధైర్యం. ఈ ఏడైనా వాడి ఉద్యోగం ఖాయమవుతుందా? లోపల కూర్చునేది నువ్వే కదా, నువ్వే చెప్పాలి.

మా మరదలు సుభద్రకి నేను అడిగానని చెప్పు.

మీ అప్ప

విజయనగరం, హాస్టలు వార్డెను క్వార్టర్సు
26 నవంబరు 1967

అప్పకి,

జవాబు ఆలస్యమైంది. పని ఒత్తిడి. మేం బాగానే ఉన్నాం.

చినబాబు ఉద్యోగం గురించి అడిగావు. అలాంటివి ఉత్తరాల్లో రాసేవి కావు. అతను మంచివాడే, కాని ఎక్కడ ఏం మాట్లాడాలో చూసుకోడు. రోజులు బాగులేవు. పార్వతీపురం కొండల వైపు గొడవలు మొదలైనప్పటినుంచి ఎవరిని ఎవరు గమనిస్తున్నారో తెలియడం లేదు. కొన్నాళ్లు నోరు అదుపులో పెట్టుకోమని నువ్వు చెప్పు. నేను చెప్పానని మాత్రం అనకు.

ఇంకొకటి. అతను ఇంటికి వచ్చినప్పుడు వెంట ఎవరైనా వస్తారా? ఆ కొండల వైపునుంచి ఉత్తరాలేమైనా అందుతున్నాయా? ఊరికే అడిగాను. తెలిస్తే రాయి.

నరసింగరావు

కళింగపట్నం
17 డిసెంబరు 1967

నరసింగానికి,

నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. నువ్వు రాసినట్టు లేదు.

మొదట పైన రాసిన చిరునామా చూశాను. కంటోన్మెంటు ఇల్లు ఎప్పుడు ఖాళీ చేశారు? సామాన్లన్నీ బండికెత్తి కొత్త ఇంట్లో పాలు పొంగించుకున్నవాడివి, అప్పకి ఒక కార్డు ముక్క రాయడానికి నీకు తీరలేదా? వార్డెను ఉద్యోగం ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు?

పోయిన ఆదివారం చినబాబు వచ్చాడు. నేనే తరిచి తరిచి అడిగితే చెప్పాడు. నువ్వు స్టాఫ్ రూములోకి వస్తే మాటలు ఆగిపోతున్నాయట. కరస్పాండెంటు గారి కారులోంచి నువ్వు దిగడం చూసినవాళ్లున్నారట. లోపల ఏం జరిగిందని ఎవరడిగినా చెప్పకూడదు అంటున్నావట. వాడు మాత్రం నీమీద ఒక్క మాట పడనివ్వడం లేదు. "బావ ఏదో కష్టంలో ఉన్నాడు వదినా, ఊరికే అలాగుండడు" అన్నాడు. కాలేజీలో మేష్టారూ అని, వీధిలో బావా అని పిలిచేవాడు కదా, ఈమధ్య ఎలా పిలిచినా నువ్వు పలకడం లేదట. అది చెప్పినప్పుడు ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

ఇప్పుడు నువ్వడిగిన సంగతి. వాడి వెంట ఎవరొస్తారు, ఎవరు ఉత్తరాలు రాస్తారు అని. నరసింగం, నీ ప్రశ్నలు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. నువ్వు అడిగితే తిన్నగా అడుగుతావు, ఊరికే అడిగాను అనవు. ఈ ప్రశ్న నీదేనా? లేక ఎవరైనా అడగమంటే అడిగావా?

నా దగ్గర దానికి జవాబు లేదు. ఉన్నా రాయను.

మీ అప్ప

విజయనగరం, హాస్టలు వార్డెను క్వార్టర్సు
7 జనవరి 1968

అప్పకి,

కారు సంగతి రాశావు. ఆరోజు వాన. గొడుగు లేదు, ఆయన ఆపి ఎక్కమన్నారు, ఎక్కాను. వార్డెను పని ఎవరో ఒకరు చెయ్యాలి, నాకు అప్పగించారు. ఇవి కూడా నేను సంజాయిషీ చెప్పుకోవలసిన నేరాలేనా?

ఇక్కడ నన్ను చూసి మొహాలు తిప్పుకుంటున్నవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఒక్కడు కూడా ఇన్నేళ్లలో ఎల్లాజీరావు గారి ఎదుట నోరు తెరిచినవాడు కాదు. లోపల నేను ఎవరికోసం ఏం భరిస్తున్నానో వాళ్లకి తెలియదు. నీకూ తెలియదు. చెప్పే వీలుంటే మొదట నీకే చెప్పేవాణ్ణి. ఎవరేమనుకున్నా ఫరవాలేదు అనుకుని ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను. నువ్వు కూడా అదే చూపుతో చూస్తావని అనుకోలేదు.

చినబాబుకి కీడు తలపెట్టేవాణ్ణా నేను? ఈ ఏడు గడవనీ. తరువాత నీకే అర్థమవుతుంది.

నరసింగరావు

కళింగపట్నం
3 ఏప్రిల్ 1968

నరసింగరావుకి,

చినబాబు ట్రంకు పెట్టెతో దిగాడు. మార్చి నెలాఖరుతో నీ సేవలు చాలు అని కాగితం ఇచ్చారట. ఇంగ్లీషులో ఉంటే వాడే తెలుగు చేసి చెప్పాడు. పాలకవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది అని ఉందట.

ఏకగ్రీవంగా అంటే అందరూ కలిసి అని నాకు తెలుసు. అందులో నువ్వూ ఉన్నావా? అవునో కాదో రాస్తే చాలు.

లక్ష్మీనరసమ్మ

విజయనగరం, హాస్టలు వార్డెను క్వార్టర్సు
9 ఏప్రిల్ 1968

అప్పకి,

అవును. నేనూ చెయ్యెత్తాను.

ఇది చదివి ఉత్తరం పక్కన పడేస్తావేమో. పడెయ్యకు, మిగతాది కూడా చదువు.

నవంబరు సమావేశం ముగిసే వేళ ఎల్లాజీరావు గారు తలుపు వేయించారు. కాలేజీకి పోలీసులు వచ్చి వెళ్లారనీ, చినబాబు పేరు ఆ కొండల గొడవల్లో తగిలేటట్టుందనీ చెప్పారు. నావైపు తిరిగి చాలా నెమ్మదిగా మాట్లాడారు. మీ వాడు కదా, కుర్రవాడి బతుకు పాడవకూడదు, ఏడాది చివర గడువు తీరిందని మామూలుగా పంపించేస్తే ఎవరికీ ఏ అనుమానమూ రాదు అన్నారు. ముందుగా అతని చెవిన పడితే భయపడి ఎటైనా పోతాడని, అప్పుడు అదే సాక్ష్యమవుతుందని అన్నారు. అందరం మాట మీద ఉండాలన్నారు. ఆ నెలలో ఎవరెవరిని పట్టుకెళ్లారో నువ్వూ వినే ఉంటావు. కళ్ల ముందు చినబాబు సంకెళ్లతో కనిపించాడు. ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది, మనిషి మిగిలితే చాలు అనుకున్నాను. ఇంటికి ఎవరొస్తున్నారో కనుక్కోండి, మీ మంచికే అని అడిగింది కూడా ఆయనే. ఆ ప్రశ్న నాది కాదు. నువ్వు సరిగ్గానే పట్టావు.

వార్డెను ఇల్లు ఆ మరుసటి వారమే ఇచ్చారు. వద్దంటే ఎందుకు వద్దన్నాడని అడుగుతారేమోనని తీసుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే నాకే ఆ మాట నమ్మబుద్ధి కావడం లేదు.

నన్ను ఎలా చూసినా సరే, ఈ సంగతి చినబాబుకి మాత్రం చెప్పకు. వాడు క్షేమంగా ఉండడమే కావాలి.

నీ తమ్ముడు
నరసింగం

కళింగపట్నం
23 ఏప్రిల్ 1968

నరసింగానికి,

చెప్పవద్దన్నావు. చెప్పాను. వాడి సంగతి వాడికి తప్ప అందరికీ తెలిసి ఉండడం నాకు సబబుగా తోచలేదు.

విన్నాక వాడు అన్నం తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు. తెల్లవారాక తెల్ల చొక్కా వేసుకుని బస్సుకి బయలుదేరాడు. ఎక్కడికిరా అంటే, "పోలీసులు నన్ను ఎతుకుతన్నారంట కదా వదినా. ఆళ్లకి శ్రమెందుకు, నేనే ఎల్తాను" అన్నాడు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. మీ బావ నన్ను పక్కకి తప్పుకోమని, కండువా భుజాన వేసుకుని తమ్ముడి వెంట బయలుదేరారు. వాళ్లు తిరిగి వచ్చేదాకా నేను పొయ్యి వెలిగించలేదు. ఎవరి పేరు తలుచుకుని ఏడవాలో కూడా తెలియలేదు.

విజయనగరం స్టేషన్లో మధ్యాహ్నం దాటేదాకా బల్ల మీద కూర్చోబెట్టారట. ఇన్‌స్పెక్టరు వచ్చాక చినబాబు లేచి తన పేరు, ఊరు, చేసిన ఉద్యోగం చెప్పి, నాకోసం వచ్చారని తెలిసింది, ఏం అడగాలో అడగండి అన్నాడట. ఆయన లోపలికెళ్లి ఎవరెవరినో వాకబు చేసి వచ్చారు. నీ పేరు ఇప్పుడే వింటున్నానన్నారు. నవంబరులో కాలేజీకి వెళ్లిన మాట నిజమేనట. హాస్టల్లో సైకిళ్లు పోతున్నాయని ప్రిన్సిపాలు కబురు పెడితే ఒక హెడ్డు కానిస్టేబులు వెళ్లి, దొంగని పట్టుకుని వచ్చాడు. అంతకుమించి ఆ కాలేజీతో వాళ్లకి పనే పడలేదట. మీవాడిని తీసుకుపోండి అని మీ బావకి చెప్పి పంపించారు. ఈ మాట నీకెవరు చెప్పారని అడిగితే చినబాబు నీ పేరు చెప్పలేదు.

సైకిలు దొంగ కోసం వచ్చిన పోలీసుల్ని చూపించి నీచేత చెయ్యెత్తించారు. నవంబరులోనే నువ్వు నాకో, వాడికో ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ అబద్ధం ఒక్కరోజు కూడా నిలిచేది కాదు. మాట గడప దాటకూడదని ఆయన ఎందుకన్నాడో ఇప్పుడైనా తెలిసిందా?

మీ అప్ప

విజయనగరం, కంటోన్మెంటు
14 జులై 1968

అప్పకి,

ఇన్నాళ్లూ రాయడానికి నాకు మొహం చెల్లలేదు. జరిగినవి వరసగా రాస్తాను.

నీ ఉత్తరం అందిన రోజే ఎల్లాజీరావు గారి బంగళాకి వెళ్లాను. అన్నీ విన్నారు. ముఖంలో ఏ మార్పూ లేదు. పోలీసులు వచ్చారన్నాను, వచ్చారా లేదా అని నన్నే అడిగారు. చినబాబు పేరు తగిలేటట్టుందన్నాను గానీ తగిలిందన్నానా అన్నారు. తరువాత కుర్చీలోంచి లేచి, "అయితే సమావేశంలో మాట మీరు బయటపెట్టారన్నమాట" అన్నారు. అప్పటిదాకా నాకు కోపం ఉండేది. ఆ మాటతో అది కూడా పోయి, నేనెక్కడ కూర్చుని వచ్చానో కనిపించింది.

క్వార్టర్సు ఖాళీ చేసి పాత వీధికే వచ్చేశాం. కాలేజీ తెరిచాక స్టాఫ్ సమావేశం పిలవమని నేనే అడిగాను. అందరి ముందూ నిలబడి నవంబరునుంచి మార్చి దాకా లోపల జరిగినదంతా చెప్పాను, నేను చెయ్యెత్తిన సంగతితో సహా. పాలకవర్గంలో నా స్థానానికి రాజీనామా చేస్తున్నానన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, తిట్టలేదు. చివరికి ఫిజిక్సు పెద్దాయన లేచారు. "ఇప్పుడు నువ్వు చెప్తున్నది నిజమే కావచ్చు. నిన్ను ఎన్నుకున్నప్పుడు కూడా నువ్వు మాకు నిజమే చెప్తావనుకున్నాం" అన్నారు.

అయినా ఆయనే కాగితం తీసుకుని తీర్మానం రాశారు. మేము పంపే మనిషి లోపల విన్నది మాకు చెప్పవచ్చునని ఒప్పుకునేదాకా ఆ కుర్చీలో ఎవరూ కూర్చోకూడదు, చినబాబుని అతని వాదన వినకుండా తీసెయ్యడం చెల్లదు అని. ఇన్నేళ్లుగా గొణుక్కున్నవాళ్లంతా సంతకాలు పెట్టారు. నన్ను చివర పెట్టమన్నారు, పెట్టాను. అది యూనివర్సిటీకి వెళ్లింది. మాట తప్పినందుకు నీమీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమని పాలకవర్గం నాకు నోటీసు ఇచ్చింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. సుభద్ర భయపడుతోంది గానీ పైకి అనడం లేదు. స్టాఫ్ రూములో ఇప్పటికీ నా పక్క కుర్చీ ఖాళీగానే ఉంటుంది.

ఒకసారి కళింగపట్నం రావాలని ఉంది. చినబాబు నా ముఖం చూస్తాడా? చూడనంటే ఆ మాటే రాయి, రాను.

నీ తమ్ముడు
నరసింగం

కళింగపట్నం
1 ఆగస్టు 1968

నరసింగానికి,

యూనివర్సిటీనుంచి చినబాబుకి కాగితం వచ్చింది. విచారణకి ఒక పెద్దమనిషిని పంపిస్తున్నారట, నువ్వు వచ్చి నీ మాట చెప్పుకోవచ్చు అని రాశారు. ఉద్యోగం తిరిగి ఇస్తామని ఎక్కడా లేదు. ఇచ్చినా ఆ తాత్కాలికపు కుర్చీలో మళ్లీ కూర్చోనంటున్నాడు. కానీ వెళ్లి చెప్పాల్సింది చెప్పి వస్తాడట. మీ బావ మళ్లీ వెంట వెళతానంటున్నారు. ఈసారి వద్దన్నాడు.

నీ ఉత్తరం వాడికి మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాను. పెద్దాయన అన్న మాట దగ్గర ఒకసారి ఆపమని, మళ్లీ చదవమన్నాడు. నువ్వు వస్తానన్న చోట లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. నాలుగు రోజులు ఆగి నేనే అడిగాను. వరి ఊడుపులకి వెళ్లబోతూ పంచె ఎగ్గట్టుకుంటున్నాడు.

"రమ్మను వదినా. నా గురించి ఆళ్లందరితోటీ మాటాడినాడు, నాతోటి మాటాడనేదు. ఇప్పుడు నాతోటి మాటాడమను."

అంతే అని వెళ్లిపోయాడు. కోపంగా అన్నాడో లేదో నాకు తెలియలేదు. వాడిని పెంచినదాన్ని, నాకే తెలియలేదు.

నాకూ నీమీద మనసు పూర్తిగా కుదుటపడలేదు. పడిందని రాస్తే నువ్వు నమ్ముతావు, అందుకే రాయడం లేదు. శనివారం బస్సుకి రా. దిగాక ఇంటికొచ్చి నా దగ్గర కూర్చోకు. నేనూ మీ బావా మధ్యలో ఉండం. తిన్నగా కాలవ పక్క మడికి వెళ్లు. వాడు అక్కడే ఉంటాడు.

మీ అప్ప